ఒక మధ్యాహ్నంలో మూడు పనులు: కుక్కర్ కేకు, తాడు ఉట్టి, సీసాలో మనీ ప్లాంట్

ఈ మూడింటినీ ఒకే మధ్యాహ్నం పెట్టుకోమనడానికి కారణం ఉంది. కేకు కుక్కర్‌లో ఉన్న ముప్పావు గంటా పొయ్యి దగ్గరే ఉండాలి, కానీ మూత తీయకూడదు. చేతులు ఖాళీగా ఉంటే అవి మూత మీదికే పోతాయి. ఆ సమయంలో పక్కన కూర్చుని ఒక చిన్న ఉట్టి కట్టేయొచ్చు. ఆ ఉట్టిలో పెట్టే సీసాకి మనీ ప్లాంట్ కొమ్మ కోయడం పది నిమిషాల పని. మామూలు ఇంట్లో కొత్తగా కొనాల్సినవి తాడు, బేకింగ్ పౌడర్, వెనీలా ఎసెన్స్, అంతే. కిట్ల పేరుతో అమ్మేవాటిలోనూ దాదాపు ఇవే ఉంటాయి, పైన ఒక అందమైన పెట్టె అదనం.

ముందు రోజు రాత్రి రెండు పనులు చేసి పడుకోండి. కుళాయి నీళ్లు ఒక గిన్నెలో పట్టి మూత లేకుండా వదిలేయండి, క్లోరిన్ చాలావరకు పోతుంది. ఆ నీళ్లు కొమ్మలకి. రెండోది, పాలు తోడు పెట్టండి. కేకుకి గట్టి పెరుగు కావాలి, కానీ పుల్ల పెరుగు పనికిరాదు. పులుపు ఎక్కువైతే సోడా దాన్ని పూర్తిగా విరవలేక కేకులో పుల్లదనం మిగిలిపోతుంది.

కేకు: ముందు మంట సంగతి

కుక్కర్‌లో కేకు అంటే మందపాటి అల్యూమినియం గిన్నెను చిన్న ఓవెన్‌గా వాడుకోవడమే. నీళ్లు పోయరు. అందుకే లోపల పూత ఉన్న కుక్కర్, రోజూ అన్నం వండే కొత్త కుక్కర్ దీనికి పెట్టకండి. పొడి వేడికి అల్యూమినియం రంగు మారుతుంది, పలచటి అడుగైతే వంకర కూడా పోవచ్చు. పక్కన పెట్టేసిన పాత 5 లీటర్ల కుక్కర్ ఉంటే అదే సరైనది. ఈ పద్ధతి గ్యాస్ పొయ్యికే. ఇండక్షన్ స్టవ్ మీద పొడి గిన్నె పెడితే వేడి ఒక్కచోటే పెరిగి స్టవ్ మధ్యలో ఆగిపోతుంది.

మూత విషయంలో చాలామంది గ్యాస్కెట్, విజిల్ తీసేసి కుక్కర్ మూతే పెట్టమంటారు. కేకు అవుతుంది, కాదనలేం. అయితే ఆ మూతకి ఉండే సేఫ్టీ వాల్వులో వేడికి కరిగే లోహం ఉంటుంది. నీళ్లు లేకుండా గంటసేపు కాలితే అది దెబ్బతినొచ్చు, మర్నాడు పప్పు పెట్టినప్పుడు బయటపడుతుంది. కుక్కర్ మూత అలమారాలో ఉంచి, అంచుకి సరిపడే బరువైన స్టీలు మూత పెట్టండి. కాస్త గుమ్మటంలా ఉన్నదైతే ఇంకా మంచిది, ఆవిరి చుక్కలు కేకు మీద పడకుండా అంచులకి జారిపోతాయి.

కుక్కర్ అడుగున కల్లుప్పు గానీ మామూలు ఉప్పు గానీ రెండు సెంటీమీటర్ల మందంలో పరవండి. ఉప్పు మంట వేడిని మెల్లగా పంచుతుంది, గిన్నె అడుగు ఒక్కచోటే మాడకుండా చూస్తుంది. దాని మీద చిన్న స్టాండు. కేకు గిన్నె 6 లేదా 7 అంగుళాలది, కుక్కర్ గోడకీ గిన్నెకీ మధ్య చుట్టూ కనీసం ఒక వేలు దూరేంత సందు ఉండాలి. గోడకి ఆనితే ఆ పక్కే మాడుతుంది. వాడిన ఉప్పు చల్లారాక డబ్బాలో పోసి మళ్లీ కేకులకే వాడుకోవచ్చు, కూరల్లోకి వద్దు.

కొలతలు ఇవి. మైదా 190 గ్రాములు, అంటే ఒకటిన్నర కప్పు. గట్టి పెరుగు ఒక కప్పు. పంచదార 150 గ్రాములు, అంటే ముప్పావు కప్పు. వాసన లేని నూనె అర కప్పు, పొద్దుతిరుగుడు నూనె బాగుంటుంది. గానుగ వేరుశనగ నూనె వాసన వెనీలాని మింగేస్తుంది. బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూను, బేకింగ్ సోడా అర టీస్పూను, వెనీలా ఒక టీస్పూను, ఉప్పు చిటికెడు. గుడ్డు అక్కర్లేదు.

ఇక్కడ కప్పు అంటే 240 మిల్లీలీటర్లు. కాఫీ కప్పో టీ గ్లాసో కాదు. వంటింటి తూకం ఉంటే గ్రాముల్లోనే వెళ్లండి, ఎందుకంటే మైదా కప్పుతో సరిగ్గా రాదు. చెంచాతో వదులుగా నింపి పైన గీస్తే కప్పుకి సుమారు 125 గ్రాములు. అదే కప్పుని డబ్బాలోకి ముంచి అదిమి తీస్తే 150 దాటుతుంది. ఒకటిన్నర కప్పుకి ఆ తేడా నలభై గ్రాముల దాకా పోయి కేకు పొడిపొడిగా, గట్టిగా తయారవుతుంది. "అన్నీ చెప్పినట్టే వేశాను, అయినా గట్టిగా వచ్చింది" అనేవాళ్లలో చాలామంది సంగతి ఇదే. అమెరికాలో ఉన్నవాళ్లకి మైదా స్థానంలో ఆల్ పర్పస్ ఫ్లోర్, పెరుగు స్థానంలో ప్లెయిన్ యోగర్ట్ సరిపోతాయి. గ్రీక్ యోగర్ట్ మాత్రం బాగా చిక్కన, మూడు వంతుల యోగర్ట్‌కి ఒక వంతు నీళ్లు కలుపుకోండి.

బేకింగ్ పౌడర్ డబ్బా ఎప్పటిదో గుర్తులేకపోతే అర టీస్పూను వేడి నీళ్లలో వేసి చూడండి. బుసబుసమని పొంగాలి. సోడా అయితే రెండు చుక్కల నిమ్మరసం పిండితే చాలు. ఊరికే అలా పడి ఉందంటే దాంతో కేకు పొంగదు. డబ్బా తెరిచి ఆరు నెలలు దాటితే, ముఖ్యంగా వానాకాలంలో తేమ తగిలి ఉంటే, పరీక్షించకుండా వాడొద్దు.

పని వరుస ముఖ్యం. మొదట గిన్నెకి నూనె రాసి అడుగున బటర్ పేపర్ వేయండి, లేదా మైదా చల్లి దులపండి. మైదా, ఉప్పు రెండుసార్లు జల్లించి పక్కన పెట్టండి. తర్వాత కుక్కర్‌ని ఉప్పుతో, స్టాండుతో, మూతతో సహా మధ్యరకం మంట మీద పదినిమిషాలు వేడెక్కనివ్వండి. ఆ పదినిమిషాల్లోనే పిండి కలపాలి. పెరుగులో సోడా పడగానే గ్యాసు పుట్టడం మొదలవుతుంది, అది ఆగదు. పిండి కలిపి పక్కన పెట్టి అప్పుడు పొయ్యి వెలిగిస్తే, లోపలికి వెళ్లేసరికి ఆ గ్యాసులో చాలా భాగం పోయి ఉంటుంది.

పెరుగులో పంచదార వేసి పూర్తిగా కరిగేదాకా విస్క్‌తో గిలకొట్టండి. వేలితో నలిపి చూస్తే పలుకు తగలకూడదు. పొడి చేసిన పంచదారైతే పని తొందరగా అవుతుంది. అందులో బేకింగ్ పౌడర్, సోడా వేసి ఒక్కసారి కలిపి మూడు నాలుగు నిమిషాలు వదిలేయండి. పెరుగు నురగతో ఉబ్బి బుడగలు కనిపిస్తాయి. అప్పుడు నూనె, వెనీలా పోసి కలపండి. ఆఖరికి మైదా మూడు విడతలుగా. ఇక్కడే చెయ్యి ఆపుకోవాలి. మైదా తడిసిన తర్వాత ఎంత కలిపితే అంత సాగుతుంది. చపాతీకి మంచిదే, కేకుకి కాదు. పొడి కనిపించడం ఆగిన క్షణమే ఆపేయండి, చిన్న చిన్న ఉండలు ఉన్నా పర్వాలేదు. పిండి ఇడ్లీ పిండిలా గరిటె నుంచి బరువుగా జారాలి. అంతకంటే గట్టిగా ఉంటే రెండు చెంచాల పాలు.

టూటీఫ్రూటీ, జీడిపప్పు వేసేటట్టయితే ముందు ఒక చెంచా మైదాలో దొర్లించండి, లేకపోతే అన్నీ అడుగుకి చేరతాయి. పిండి గిన్నెలో మూడింట రెండు వంతులకు మించకూడదు. రెండుసార్లు గట్టుకి తట్టి, వేడెక్కిన కుక్కర్‌లో పటకారుతో దించండి. మొదటి అయిదు నిమిషాలు మధ్యరకం మంట, తర్వాత చిన్న బర్నర్ మీద పూర్తిగా సిమ్‌లో 35 నుంచి 45 నిమిషాలు. మొదటి అరగంట మూత ముట్టుకోవద్దు. మినప దిబ్బరొట్టె కాల్చే ఇళ్లలో ఈ మంట గురించి వేరే చెప్పక్కర్లేదు: మందపాటి మూకుడు, సన్న సెగ, మూత, కాస్త ఓపిక.

40 నిమిషాలకి మూత పైకి ఎత్తి, వంచకుండా పక్కకి తీయండి, నీళ్లు కేకు మీద కారకుండా. నడిమధ్యలో పుల్ల గుచ్చి చూడండి. తడి పిండి అంటుకుంటే ఇంకో అయిదు నిమిషాలు. రెండు మూడు పొడి రవ్వలు అంటుకుంటే అయిపోయినట్టే. అంచులు గిన్నెను వదిలి కాస్త లోపలికి వస్తాయి, అదీ గుర్తే. బయటికి తీసి పదినిమిషాలు గిన్నెలోనే ఉంచి, చుట్టూ చాకు తిప్పి బోర్లించండి. పూర్తిగా చల్లారాకే కోయాలి. వేడి మీద కోస్తే లోపలి ఆవిరి ఒక్కసారిగా పోయి ముక్కలు పొడిపొడిగా రాలిపోతాయి, మిగిలింది సాయంత్రానికి ఎండిపోతుంది.

మధ్యలో కుంగిందంటే మూత తొందరగా తీశారు, లేదా సోడా ఎక్కువైంది, లేదా లోపల ఇంకా ఉడకలేదు. సోడా ఎక్కువైతే నాలుక మీద సబ్బు రుచి కూడా తెలుస్తుంది, తేల్చుకోవడం తేలికే. పైన గోపురంలా లేచి పగిలితే మంట ఎక్కువ: అంచులు ముందే గట్టిపడి, మధ్యలో పిండి పైకి తన్నుకొచ్చింది. అడుగున జిగురుగా, హల్వాలాంటి పొర కనిపిస్తే పిండి అతిగా కలిపారు లేదా పెరుగు నీళ్లగా ఉంది. కుక్కర్ కేకు పైభాగం ఎర్రగా రాదు, లేతరంగులోనే ఉంటుంది. రంగు కోసం మంట పెంచితే అడుగు నల్లబడుతుంది తప్ప పైన మారదు. రంగు కావాలంటే ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్ ఉండాలి: పదిహేను నిమిషాలు ముందుగా వేడి చేసి, 180 డిగ్రీల దగ్గర మధ్య అరలో 35 నుంచి 40 నిమిషాలు.

గోధుమపిండితోనూ చేయొచ్చు, రెండు మూడు చెంచాల పాలు ఎక్కువ పడతాయి, కేకు కాస్త బరువుగా ఉంటుంది. పంచదార బదులు అంతే బరువు బెల్లం పొడి వేస్తే రంగు ముదురుతుంది. నూనెతో చేసిన కేకు ఫ్రిజ్‌లో పెట్టినా వెన్న కేకులా బిగుసుకోదు. ఎండాకాలంలో రెండో రోజు నుంచి ఫ్రిజ్‌లోనే ఉంచండి, మొత్తం నాలుగైదు రోజుల్లో తినేయాలి.

ఉట్టి: పన్నెండు ముళ్లు, రెండు చుట్టుముళ్లు

కేకు సిమ్‌లోకి వెళ్లింది కదా, తాడు తీయండి. మాక్రమే ప్లాంట్ హ్యాంగర్ అని అమ్మేది మన పాత పెరుగు ఉట్టే. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందన్నట్టు మొదటిసారే మెలికలు, పూసలు, పదహారు పోగుల డిజైన్ల జోలికి వెళ్లొద్దు. ఎనిమిది పోగులు, మామూలు ముడి వస్తే చాలు.

పాత హార్లిక్స్ సీసా, జామ్ సీసాల్లాంటివి సుమారు 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. వాటికి 3 మిల్లీమీటర్ల నూలు తాడు 10 మీటర్లు కావాలి. 6 అంగుళాల కుండీకైతే 4 మిల్లీమీటర్ల తాడు 12 మీటర్లు. జనపనార తాడు చూడ్డానికి బాగుంటుంది కానీ తడి తగులుతూ ఉంటే కుళ్లి, ఒకరోజు హఠాత్తుగా తెగుతుంది. వాన కొట్టే బాల్కనీకి నైలాన్ తాడే నయం. పాత టీషర్టులు చీల్చిన పట్టీలు సీసాకి సరిపోతాయి, మట్టి కుండీకి వద్దు, సాగి కిందికి దిగుతాయి.

సీసాకి తాడు 2 మీటర్ల 10 సెంటీమీటర్ల చొప్పున నాలుగు ముక్కలు, 70 సెంటీమీటర్ల చొప్పున రెండు ముక్కలు కోయండి. కుండీకైతే ఆ నాలుగూ రెండున్నర మీటర్లు. కోసే ముందు కోయబోయే చోట సెల్లోటేపు చుట్టి టేపు మధ్యలో కోస్తే పోగులు విడిపోవు. తాడు లెక్కలో అందరూ మరిచేది ముడి తినే పొడవు. ఒక్కో ముడికి నాలుగైదు సెంటీమీటర్లు పోతుంది, 4 మిల్లీమీటర్ల తాడుకి ఇంకాస్త ఎక్కువ. ఎక్కువ ఉంటే చివర కత్తిరించొచ్చు, తక్కువైతే మళ్లీ మొదటికే.

స్టీలు కర్టెన్ రింగు ఒకటి తీసుకుని నాలుగు తాళ్లనూ కలిపి అందులోంచి దూర్చి, రెండు కొసలూ సమానంగా లాగండి. ఇప్పుడు ఎనిమిది పోగులు వేలాడుతుంటాయి. రింగుని తలుపు గడియకో కిటికీ చువ్వకో కళ్ల ఎత్తులో కట్టండి. ఒళ్లో పెట్టుకుని ముళ్లేస్తే పోగులు హెచ్చుతగ్గులవుతాయి.

రింగు కింద చుట్టుముడి వేయాలి. 70 సెంటీమీటర్ల ముక్క ఒక కొసని ఆరు సెంటీమీటర్ల మడతగా మడిచి ఎనిమిది పోగుల మీద ఆనించండి. మడత వంపు కిందికి, పొట్టి కొస పైకి ఉండాలి. ఇప్పుడు పొడుగు కొసతో పోగుల్నీ ఆ మడతనీ కలిపి పైనుంచి కిందికి బిగుతుగా అయిదు చుట్లు చుట్టండి, ఒక చుట్టు మీద ఇంకొకటి ఎక్కకుండా. కింద కనిపిస్తున్న వంపులోంచి పొడుగు కొస దూర్చి, పైనున్న పొట్టి కొసని లాగండి. వంపు చుట్ల లోపలికి పోయి మధ్యకి వచ్చాక ఆపేయండి. మరీ లాగితే పైనుంచి బయటికి వచ్చి మొత్తం ఊడిపోతుంది. మిగిలిన రెండు కొసలూ దగ్గరగా కత్తిరించండి.

ఎనిమిది పోగుల్ని నాలుగు జతలు చేయండి. ఏ పోగూ ఇంకోదాన్ని దాటకూడదు, పైన ఒక్క మెలిక పడితే ఉట్టి వేలాడుతూ గిర్రున తిరుగుతుంది. రింగు నుంచి 40 సెంటీమీటర్ల కింద, కుండీకైతే 45, ఒక్కో జతకీ ఒక మామూలు ముడి. నాలుగూ ఒకే ఎత్తులో పడాలి. ముడి వదులుగా వేసి, లోపల చూపుడువేలు పెట్టి కావాల్సిన చోటికి జరిపి అప్పుడు బిగించండి.

రెండో వరుసలో పక్కపక్క జతల నుంచి ఒక్కో పోగు తీసుకుని ముడి వేయాలి: మొదటి ముడి కుడి పోగు, రెండో ముడి ఎడమ పోగు, అలా చుట్టూ. నాలుగో ముడి కుడి పోగు వెనక నుంచి వచ్చి మొదటి ముడి ఎడమ పోగుతో కలవాలి. ఈ ఆఖరి ముడి మరిచిపోతే గుండ్రటి వల బదులు చదునైన వల వస్తుంది, సీసా పక్కనుంచి జారిపోతుంది. మూడో వరుస కూడా ఇలాగే, పోగులు మళ్లీ మార్చి.

వరుసకీ వరుసకీ మధ్య ఎంత దూరం ఉండాలంటే, సీసా చుట్టుకొలతలో ఆరో వంతు. 9 సెంటీమీటర్ల సీసా చుట్టుకొలత 28, కాబట్టి దాదాపు 5 సెంటీమీటర్లు. 15 సెంటీమీటర్ల కుండీ చుట్టుకొలత 47, కాబట్టి 8. ప్రతిసారీ టేపు పట్టే బదులు అంత పొడవు అట్టముక్క కోసి ముడికీ ముడికీ మధ్య ఆనించి చూడండి. దూరం మరీ ఎక్కువైతే వల వదులై సీసా ఒరుగుతుంది, మరీ తక్కువైతే సీసా లోపలికే పట్టదు.

మూడో వరుసకి 5 సెంటీమీటర్ల కింద, కుండీకైతే 6 నుంచి 7, ఎనిమిది పోగులూ కలిపి రెండో చుట్టుముడి. బిగించే ముందు ఖాళీ సీసా ఒకసారి లోపల పెట్టి చూడండి. అడుగున చుట్టుముడి మరీ కిందికి ఉంటే సీసా సంచిలో పడ్డట్టు వాలిపోతుంది. సరిగ్గా ఉందనిపిస్తే బిగించి, కింద 12 సెంటీమీటర్ల కుచ్చు వదిలి కత్తిరించండి, పాత దువ్వెనతో దువ్వితే నూలు విచ్చుకుంటుంది.

నీళ్లు పోసిన సీసా కిలోన్నర లోపే ఉంటుంది, తడి మట్టితో 6 అంగుళాల కుండీ రెండు, రెండున్నర కిలోలు. గోడకి అంటించే జిగురు హుక్కులు ఈ బరువుకి వద్దు. కిటికీ గ్రిల్లు, లేదా గోడలో ప్లగ్ కొట్టి బిగించిన హుక్కు. కొత్త నూలు తాడు మొదటి వారంలో కొంచెం సాగుతుంది, అందుకని కింద ఉన్న టీవీకో తలకో తగలకుండా పైన కాస్త జాగా వదలండి.

మనీ ప్లాంట్: కణుపు ఉంటేనే వేరు

మనీ ప్లాంట్ దొంగిలించి తెచ్చుకుంటేనే పెరుగుతుందని మన ఇళ్లలో ఒక నమ్మకం. దొంగిలించినా, అడిగి తెచ్చుకున్నా, కొమ్మకి కణుపు లేకపోతే పెరగదు. ఆకు కాడ కొమ్మకి అతికే చోట ఉబ్బెత్తుగా కనిపించేదే కణుపు. చాలాసార్లు అక్కడే గోధుమరంగులో చిన్న మొటిమలాంటి గాలివేరు ఉంటుంది. వేళ్లు వచ్చేది అక్కడి నుంచే. ఒట్టి ఆకుని కాడతో సహా నీళ్లలో పెడితే నెలల తరబడి పచ్చగా ఉంటుంది, కొన్నిసార్లు వేరు కూడా వస్తుంది, కొత్త చిగురు మాత్రం రాదు.

ఇది ఫ్రెంచ్ పాలినీసియాలోని మోరియా దీవి మొక్క. ఇళ్లలో పూయడం దాదాపు ఉండదు, కాబట్టి విత్తనాల మాటే లేదు. అన్ని ఇళ్లలోనూ ఉన్నవి ఏదో ఒక కొమ్మ ముక్క నుంచి వచ్చినవే.

మూడు నాలుగు ఆకులున్న జానెడు కొమ్మ ఎంచుకుని, కింది కణుపుకి ఒక సెంటీమీటరు దిగువన పదునైన బ్లేడుతో కోయండి. మొద్దు కత్తెర కాడని నలిపేస్తుంది, నలిగిన చోట కుళ్లు మొదలవుతుంది. కింది ఆకు తీసేయండి. ఒకటి రెండు కణుపులు నీళ్లలో మునగాలి, ఆకు ఒక్కటీ మునగకూడదు. సీసాకి మూడు నాలుగు కొమ్మలు పెడితే నిండుగా ఉంటుంది. రాత్రి పట్టి ఉంచిన నీళ్లు ఇప్పుడు పోయండి.

తూర్పు కిటికీ దగ్గర, ఎండ నేరుగా తగలని చోట వేలాడదీయండి. రెండు మూడు వారాల్లో తెల్లటి వేళ్లు వస్తాయి, చలికాలంలో ఇంకాస్త ఆలస్యం. చలి దేశాల్లో ఉన్నవాళ్లు కిటికీ అద్దానికి ఆనించి పెట్టకూడదు, 15 డిగ్రీల కిందికి పోతే పెరుగుదల ఆగిపోతుంది.

నీళ్లు వారానికి ఒకసారి పూర్తిగా పారబోయాలి, పైన కలిపితే చాలదు. డెంగీ తెచ్చే దోమ నిలవ ఉన్న మంచినీళ్లలోనే పెరుగుతుంది, గుడ్లు నీటి అంచుకి కాస్త పైన సీసా గోడకి అతుక్కుని ఉంటాయి. అందుకని నీళ్లు మార్చేటప్పుడు సీసా లోపల బ్రష్‌తో రుద్దండి. నిలవ నీళ్లన్నీ పారబోయమని ఆరోగ్య శాఖవాళ్లు చెప్పే శుక్రవారం డ్రై డేకి దీన్నీ కలిపేస్తే గుర్తుంటుంది. సీసాలో ఆకుపచ్చ నాచు పడుతుంటే వెలుతురు నేరుగా సీసాకి తగులుతోందని అర్థం. గోధుమరంగు సీసా వాడండి, లేదా చుట్టూ గుడ్డముక్క కట్టండి.

నీళ్లలోనే ఉంచేద్దామంటే ఉంచొచ్చు. రెండు నెలలు దాటాక నెలకోసారి ద్రవ ఎరువు, డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతు, అంతకు మించితే వేళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. మట్టిలోకి మార్చాలనుకుంటే వేళ్లు 5 సెంటీమీటర్లు కాగానే మార్చండి. నెలల తరబడి నీళ్లలో పొడుగ్గా పెరిగిన వేళ్లు మట్టికి అలవాటు పడటానికి ఇబ్బంది పడతాయి, ఆకులు వాడతాయి.

ఉట్టికి మట్టి తేలిగ్గా ఉండాలి: కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, గుప్పెడు ముతక ఇసుక, ఒక చెంచా వేపపిండి. నల్లరేగడి వద్దు, నీళ్లు పట్టి ఉంచుతుంది, ఎండితే బిగిసి పగులుతుంది. నాటాక మొదటి పదిరోజులు మట్టి తేమగా ఉంచండి. తర్వాత రెండు అంగుళాల లోతు వేలు పెట్టి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు. కోకోపీట్ పైన ఎండినట్టు కనిపించినా లోపల తడిగా ఉంటుంది, కళ్లతో చూసి పోస్తే మోసపోతారు. నీళ్లు పోయాలంటే కుండీని ఉట్టిలోంచి దించి సింకులో పెట్టి పోసి, పావుగంట కారనిచ్చి మళ్లీ ఎక్కించండి. తాడు తడవదు, బూజు పట్టదు, గచ్చు మీద మరకలూ ఉండవు.

కింది ఆకులు వరసగా పసుపైతే తొంభై పాళ్లు నీళ్లు ఎక్కువే. ఒక్క పాత ఆకు పండిపోతే పట్టించుకోనక్కర్లేదు. ఆకు కొసలు గోధుమరంగై కరకరలాడితే నీళ్లు చాలలేదు, లేదా ఎరువు ఉప్పు పేరుకుంది. ఆకు మీది పసుపు మచ్చలు పోయి మొత్తం పచ్చబడుతుంటే, కణుపుల మధ్య దూరం పెరిగి ఆకులు చిన్నవవుతుంటే వెలుతురు చాలట్లేదు. కణుపుల దగ్గర తెల్లటి దూదిలా పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి సాయంత్రం పూట కొట్టండి, వారం తర్వాత మళ్లీ.

గాలిని శుభ్రం చేస్తుందని కొనేవాళ్లు ఉన్నారు. ఆ మాటకి మూలం 1989లో నాసా చేసిన పరీక్ష, అది మూసేసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో చేసింది. తలుపులు కిటికీలు ఉన్న ఇంట్లో ఒకటి రెండు కుండీల వల్ల చెప్పుకోదగ్గ తేడా ఉండదు. పచ్చగా ఉంటుంది, అది చాలు. పిల్లలకీ, కుక్కకీ, పిల్లికీ మాత్రం అందనివ్వకండి: ఆకులో ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు నోటిని, గొంతుని మండించి వాపు తెస్తాయి. తీగ కిందికి సాగి చేతికందుతుంటే కొస కణుపు పైన కత్తిరించండి, పక్కనుంచి కొత్త చిగుళ్లు వేసి కుండీ గుబురుగా అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పడమటి బాల్కనీలో ఉన్న ఉట్టిని లోపలికి మార్చేయండి, ఆ ఎండకి రెండు రోజుల్లోనే ఆకుల మీద తెల్లగా కాలిన మచ్చలు పడతాయి.